లోకనాథం పుంత

412వ పగలు, 3వ షిఫ్టు

ఈ లాగ్‌బుక్కులో గాలి పీడనం, యాంటెన్నాల లెక్క తప్ప మరేమీ రాయకూడదని నియమం. పదకొండేళ్లుగా నేను దాన్ని పాటించింది లేదు. చదివేవాడు లేడు కనక గొడవా రాలేదు. పీడనం బాగుంది. వెయ్యిన్ని ఇరవైనాలుగు యాంటెన్నాల్లో తొమ్మిది వందల తొంభై పనిచేస్తున్నాయి. అదయింది. ఇక అసలు సంగతి.

పోయిన షిఫ్టు చివర పెద్ద అదురు వచ్చింది. భూకంపం అనకూడదు, చంద్రకంపం అనాలని నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న సుభద్ర మేడమ్ పట్టుబట్టేది. మా వాళ్లకి మాత్రం అది అదురే. నా టీ గ్లాసు బల్ల మీంచి లేచి, తీరిగ్గా తేలుతూ వెళ్లి గోడకి తగిలింది. ఆ వెంటనే మంచుగనికి పోయే టెలిఫోను తీగె మూగబోయింది. నీళ్ల గొట్టం ఎండిపోయింది.

"మూసీసినార్రా మళ్లీ!" అని పల్లమంతా ఒకటే కేకలు.

పల్లం మా ఊరు. చంద్రుడి వెనకవైపు, భూమి ఎన్నడూ కనపడని గోతిలో పదమూడు వందల మందిమి. మంచుగని దక్షిణాన నలభై కిలోమీటర్ల అవతల ఉంది, వంతుకి పది మంది దిగుతారు. వంతు మనుషుల్ని సమయానికి మార్చడం లేదని పోయిన పగలు, భూమి లెక్కలో ఓ నెల కిందట, వాళ్లు ఒక షిఫ్టుపాటు నీళ్లు కట్టేశారు. అందుకని ఈసారి అదురు సంగతి ఎవరికీ తట్టలేదు. కోపం ముందే వండి పెట్టుకున్నవాడు కారణం కోసం ఆగడు.

ఇప్పుడు దిగిన వంతుకి మేస్త్రీ పైడితల్లి. ఒకప్పుడు నా శిష్యురాలు. ఆ సంగతి తర్వాత రాస్తాను. రాయకుండా తప్పించుకోవాలని కూడా చూస్తాను.

5వ షిఫ్టు

ఈ రోజు నాకు ఒక గెలాక్సీ పుట్టింది.

డెబ్భై ఒకటో ఏట ఇలాంటి వాక్యం రాస్తే చుట్టుపక్కలవాళ్లు మందులిస్తారు. కనక వివరంగా రాస్తాను. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు వెల్డర్లు. ఈ యాంటెన్నాల కాళ్లు అతకడానికి వచ్చి, తిరుగు ఓడ ఎక్కలేదు. నేను తీగెలు లాగేవాణ్ని. బడి మొహం చూడలేదు. సుభద్ర మేడమ్ కుర్చీ కింద తీగెలు అతుకుతూ, ఆవిడ పైన మాట్లాడేది కింద నుంచి విని నేర్చుకున్నాను. అందుకే నాకు ఖగోళశాస్త్రమంతా కాళ్ల వైపు నుంచి తెలుసు. ఆవిడ పోయాక భూమి నుంచి చదువుకున్నవాడు ఎవడూ రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంటే నడుము నొప్పికి బాగుంటుందని కూర్చున్నాను.

మేం వినేది తొలి గెలాక్సీల పుట్టుక. వాటిని మేం పుంతలంటాం. ఆదిలో అంతా హైడ్రోజన్ పొగమంచు. దాని గుసగుస ఇంకా వస్తూనే ఉంది. ఎక్కడ ఒక పుంత పుట్టి భగ్గుమందో అక్కడ పొగమంచు కాలిపోయి గుసగుస ఆగుతుంది, పటం మీద గుంటలా కనిపిస్తుంది. ఆ గుంటల పటం కోసమే భూమి మాకు మందులు, విత్తనాలు, నత్రజని పంపుతోంది. అయితే ఆ గుసగుస మీద లక్ష రెట్లు రొద ఉంటుంది. సూర్యుడి రొద, మన పాలపుంత రొద, అన్నిటికన్నా దగ్గరది మా వాళ్ల వెల్డింగు రొద. ఆర్కు వెలిగిన ప్రతిసారీ యాంటెన్నాలు కెవ్వుమంటాయి. ఆ రొదనంతా ఒక్కొక్క గీతగా తుడవాలి. దాన్నే కడగడం అంటాం. నా దగ్గర దానికొక డబ్బా ఉంది, నా చేత్తో కట్టిందే. నాలుగుసార్లు మళ్లీ మళ్లీ వచ్చిన దేన్నయినా వెల్డింగని పట్టుకుని, నన్ను అడక్కుండానే తుడిచేస్తుంది. వెల్డింగు వడపోత అని పేరు పెట్టాను.

కడిగిన పటంలో, దక్షిణపు అంచున, ఈ రోజు కొత్త గుంట కనిపించింది. గుండ్రంగా, లోతుగా. మూడో షిఫ్టులో లేదు, నాలుగులో చిన్నది, ఐదులో పెద్దది. పుంత పుట్టడం కళ్లారా చూసినవాడు లోకంలో లేడు. పేరు కూడా అనుకున్నాను. లోకనాథం పుంత. లోకనాథం అంటే నేనే. సిగ్గు తర్వాత పడొచ్చు.

ఆ ఊపులో ఉండగా గున్నయ్య వచ్చాడు. సూట్లకి అతుకులు వేస్తాడు, పైడితల్లి మొగుడు. గడప దగ్గరే నిలబడ్డాడు. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లోవాళ్లు నా గడప దాటరు.

"లోకయ్య మావా, నువ్వు ఆకాశాన్నే ఇంటావు గదా. గని కాడ నుంచి ఏటైనా ఇనిపించిందేటి?"

నేను పటం మీంచి తలెత్తలేదు. "ఏటీ నేదురా గున్నయ్యా. సుబ్బరంగా ఉంది."

"అదురుకి కూలిందేమో అని..."

"కూల్తే నాకు తెల్డా? సుబ్బరంగా ఉందన్నాను గదా!"

వెళ్లిపోయాడు.

8వ షిఫ్టు

గని దగ్గరికి పోయిన ఇద్దరు కావలివాళ్లు తిరిగొచ్చారు. సొరంగం తలుపు లోపల్నుంచి బిగించి ఉందట, సుత్తితో కొట్టినా పలకలేదట. గాలి పోతే ఆ తలుపు దానంతటది బిగుసుకుంటుందని వాళ్లకి తెలుసు. నాకూ తెలుసు. దాహంగా ఉన్న ఊరికి ఆ ముక్క గుర్తుచేయడానికి ఎవరం నోరు తెరవలేదు.

పెద్ద పుంత చిన్న పుంతని మింగే పద్ధతి ఒకటుంది. నేరుగా మీద పడదు. ముందు చుట్టూ తిప్పుకుంటుంది, ఒక్కో చుట్టుకీ కొంత చీల్చుకుంటుంది. అంచుల్లోని నక్షత్రాలు పేగుల్లా సాగి బయటికొస్తాయి. చివరికి నడుమనున్న ముద్ద మిగిలితే అదీ పోతుంది. మన పాలపుంత అలా పది పదిహేనింటిని తిని బలిసిందే. వాటి ఎముకలు ఇప్పటికీ దాని కడుపులో ఎదురుతిరిగి నడుస్తున్నాయి. మెల్లగా పుట్టింది ఆకాశంలో ఏదీ లేదు, అన్నీ కొట్టుకుని పుట్టినవేనని సుభద్ర మేడమ్ అనేది.

వంటశాల వరసలో గున్నయ్య చుట్టూ జనం అలాగే తిరిగారు. ఒకడు గిన్నె లాక్కున్నాడు. ఒకడు భుజం తోశాడు.

"నీ పెళ్లాం నీలు కట్టీసి కూకుంటే నీకు గంజి కావాలేటి?"

"నా పిల్లకి తడి గుడ్డ నేదురా! సెప్పు, ఏటి కావాలంట దానికి?"

గున్నయ్య ఏదో చెప్పబోయాడు. ఇనప గరిటె దవడకి తగిలింది. కొట్టింది వంటామె, ముప్పై ఏళ్లుగా అందరికీ అన్నం పెట్టిన చెయ్యి. దవడ విరిగిన చప్పుడు నేను తలుపు దగ్గర నుంచి విన్నాను. తర్వాత కాళ్లు. మా దగ్గర బరువు తక్కువ, తన్ను తిన్న మనిషి గాల్లో తేలుతూ పోయి అవతలివాడి కాలికి అందుతాడు. అలా ఒకరినుంచి ఒకరికి పంపుకున్నారు. నెత్తురు తొందరగా కింద పడదు ఇక్కడ, సన్నటి పూసల్లా తీరిగ్గా దిగుతుంది.

నేను వెనక్కి వచ్చి పటం చూసుకున్నాను. నా పుంత ఇంకా లోతయింది.

దండాసి నన్ను చూడవచ్చాడు. కావలి పెద్ద, చనిపోయిన నా పెళ్లాం తమ్ముడు. "బావా, పెద్దలు తేల్సీసినారు. పదో షిఫ్టుకి గనికి కరెంటు ఆపెత్తాం. ఊపిరాడకపోతే ఆలే తలుపు తీత్తారు. పుస్తకంలో గీతలేటైనా ఉన్నాయా? ఆలు రేడియో గట్రా ఆడినారా?"

"ఒక్క గీత కూడా నేదు. సుబ్బరంగా ఉంది."

అదే మాట రెండోసారి.

11వ షిఫ్టు

తప్పించుకోవాలనుకున్నది ఇప్పుడు రాస్తాను.

మా ఊళ్లో రేడియో లేదు. బయట సూటుల్లో కూడా ఉండదు. హెల్మెట్టుకి హెల్మెట్టు ఆనించి మాట్లాడుకుంటాం. ఊళ్లో కూడా ప్రమాణం చేయాలంటే తల ఆనించి చెప్తాం. లోతుల్లో తాడు కట్టుకుని లాగుతాం, మూడు లాగుళ్లంటే "పైకి తీయండి". నిశ్శబ్దం చెడితే పటం చెడుతుంది, పటం చెడితే ఓడ రాదు. అందుకని ఎవరైనా రేడియో ఆడితే యాంటెన్నా మీద గీత పడుతుంది, అది ఎక్కడిదో చూసి గీతల పుస్తకంలో రాయడం నా పని. ఆ చేతికి నాలుగు వేళ్లు విరవడం దండాసి పని. ఒక గీతకి ఒక చెయ్యి.

తొమ్మిదేళ్ల కిందట పైడితల్లి ఈ గదిలో నా పక్కన కూర్చుని చేత్తో కడిగేది. ఆర్కు చప్పుడు విని, అది ఏ వెల్డరుదో పేరు పెట్టి చెప్పేది. ఒకనాడు, భూమి ఎలా మాట్లాడుతుందో వినాలని, అగ్గిపెట్టంత రేడియో చేసుకుంది. వినడానికి మాత్రమే. కానీ వినే పెట్టె కూడా కాస్త కూస్తుంది. గీత పడింది. నేను రాశాను. గజం తేడా లేకుండా రాశాను, పనిలో అంత మంచివాణ్ని. ఆమె కుడిచేతి వేళ్లు పోయాయి, గనిలోకి పంపారు. ఇక్కడ కడగడానికి చేతులు లేక నేను ఆ వడపోత డబ్బా కట్టాను.

ఇక ఈ రోజు సంగతి. పదో షిఫ్టంతా భూమికి ఉత్తరం రాస్తూ గడిపాను. "ఒక పామరుడి విన్నపం" అని మొదలుపెట్టి, ఆ పామరుడి మేధస్సు గురించి ఆరు పేజీలు. పదకొండులో పటం తీశాను.

నా పుంత లేదు.

గుంట పూడిపోయింది. పదమూడు వందల కోట్ల ఏళ్ల కిందట మండిన నిప్పు రాత్రికి రాత్రి ఆరదు. ఎప్పుడు ఆగిందని వెతికాను. పదో షిఫ్టు, పన్నెండో నిమిషం. ఆ నిమిషం ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడని ఆలోచించాను. లేచి గది బయటికి వచ్చి చూశాను. పన్నెండో నిమిషానికి గని స్విచ్చి దించామని దండాసి గోడ బోర్డు మీద రాయించాడు.

మా కరెంటు స్విచ్చి ఆకాశానికి తెలియదు.

వడపోత తీగె ఊడబీకి, కడగని రికార్డు చెవికి పెట్టుకున్నాను. ఆర్కు. వెల్డింగు ఆర్కు, లిఫ్టు తాడుకి తగిలించి, దాన్నే యాంటెన్నా చేసి వెలిగిస్తున్నట్టు పొడుగ్గా సాగుతోంది. మూడు. ఆగి, పది. మళ్లీ మూడు. ఆగి, పది. పైకి తీయండి, పది మందిమి. నాలుగో షిఫ్టు మధ్యలో మూడు, ఆగి, తొమ్మిది. ఏడో షిఫ్టులో ఎనిమిది. గంటకి నలభైసార్లు కొట్టింది పైడితల్లి. ముసలాడు చెవి పెట్టుకుని వింటూ ఉంటాడని ఆమెకి తెలుసు. డబ్బా సంగతి తెలియదు. నాలుగుసార్లు మళ్లీ మళ్లీ వచ్చింది కనక డబ్బా తుడిచింది. అదేపనిగా తుడిస్తే గుడ్డకైనా చిల్లు పడుతుంది. ఆ చిల్లుకి నా పేరు పెట్టుకున్నాను.

పన్నెండో నిమిషం దగ్గర మూడు కొట్టి, రెండు కొట్టి, ఆగిపోయింది. ఊపిరి పంపు కూడా ఆ కరెంటు మీదే.

12వ షిఫ్టు

జీవితంలో నాకు నిజంగా వచ్చిన పని తీగె లాగడం ఒక్కటే. యాంటెన్నాల చప్పుడు వినే చెవి గొట్టం తీగె ఒక కొసకి కట్టి, చుట్ట భుజాన వేసుకుని, నా గది నుంచి స్విచ్చి గదిదాకా పరుచుకుంటూ పరిగెత్తాను.

గడప దగ్గర దండాసి మనుషులు నలుగురు. మొదటివాడికి నా చేతిలోని పట్టకారుతో మోకాలి చిప్ప మీద ఇచ్చాను. ముసలాడు కొడతాడని ఎవడూ అనుకోడు, అదొక్కటే ముసలితనం వల్ల లాభం. రెండోవాడు కడ్డీతో డొక్కలో పొడిచాడు. లోపల ఏదో పుల్లలా విరిగింది. కింద పడి, ఒకడి చీలమండ కొరికాను. నా పళ్లు అప్పటికి ఉన్నాయి.

"ఆపండ్రా!" దండాసి నన్ను కాలరు పట్టి లేపాడు. "బావా, మతి పోయిందేటి?"

"సిచ్చి ఎత్తు. గని కూలిపోయింది. ఆలు పిలుత్తున్నారు."

"సుబ్బరంగా ఉందన్నావు గదా."

"ఉంది. నానే సుబ్బరం సేసినాను."

అతని మొహం నల్లబడింది. "తొమ్మిదేళ్ల కిందట నీ మాట మీద ఆ పిల్ల సేతి ఏళ్లు ఇరిసినాను. మొన్న నీ మాట మీద సిచ్చి దించినాను. ఇప్పుడు నీ మాట మీదే ఎత్తమంతావు. నీ మాటకి ఎన్ని తలలున్నాయి బావా?"

"ఒక్కటే. రా."

నుదురు ఆనించాను. ఇద్దరి చెమటా కలిసింది. "సిచ్చి దించేదాకా ఎనిమిదిమంది బతికున్నారు. నాకు పిలుపొచ్చింది. నాను తుడిసీసినాను. వంద అంకెలు లెక్కెట్టేదాకా సిచ్చి ఎత్తు. ఏటీ ఇనిపించకపోతే నా తల ఇక్కడే పగలగొట్టు."

చెవి గొట్టం అతని చెవికి పెట్టాను. దండాసి పిడి ఎత్తాడు.

వంద అయింది. నూటపది. మోకాలు పగిలినవాడు మూలుగుతున్నాడు. నూటముప్పై. దండాసి చెయ్యి మళ్లీ పిడి మీద పడింది, దించడానికి. చటుక్కున ఆగింది.

"...మూడు," అన్నాడు. పెదాలు కదులుతున్నాయి. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు."

ఇంకా వస్తుందని చూశాడు. నా వైపు తిరిగాడు.

"ఆరేటి బావా? ఎనిమిదన్నావు గదా. ఆరేటి?"

నేను స్విచ్చి వైపు చూశాను. అతనూ చూశాడు. తర్వాత ఆ పెద్దమనిషి వెళ్లి గోడకి తల కొట్టుకున్నాడు. ఆనించలేదు, కొట్టుకున్నాడు, చర్మం చిట్లేదాకా.

15వ షిఫ్టు

ఊరంతా కదిలింది. గున్నయ్యని కొట్టిన చేతులే రాళ్లు తీశాయి. వంటామె గోళ్లు ఊడిపోయేదాకా తవ్వింది. గున్నయ్య దవడకి గుడ్డ కట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, తలుపు కోశాడు.

ఆరుగురు బయటికొచ్చారు. ఇద్దరు రాళ్ల కింద పోయారు. ఇద్దరు మా స్విచ్చి కింద.

ఆఖర్న పైడితల్లి. నన్ను చూసి, నడిచొచ్చి, హెల్మెట్టు నా హెల్మెట్టుకి ఆనించింది.

"ఇన్నావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆనించిన తల ఒప్పుకోలేదు. "ఇన్నాను. ఇని తుడిసీసినాను. డబ్బా తుడిసింది. డబ్బా నాది."

ఆమె వెళ్లి బండి ఎక్కింది, వెనక నేనూ ఎక్కాను. లోపల హెల్మెట్లు తీశాక, తన హెల్మెట్టుతో నా మూతి మీద కొట్టింది. రెండు పళ్లు తేలుతూ వెళ్లాయి. మళ్లీ కొట్టింది. ఎవరూ ఆపలేదు, నేనూ చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడోసారి ఎత్తి, చెయ్యి తిరగక, దించేసింది.

17వ షిఫ్టు

పెద్దలు కూర్చున్నారు. ఆర్కుని సైగ కోసం వాడటం నిశ్శబ్దం చెడగొట్టడమే. ప్రాణం మీదికొచ్చినా సరే, గీత గీతే, లేకపోతే రేపు ప్రతివాడికీ ఒక ప్రాణం మీదికొస్తుందట. ఓడ రాకపోతే పదమూడు వందల మంది. వాళ్లు చెప్పింది తప్పని నేను అనలేకపోయాను. నా పళ్లు ఊడిన నోటితో ఏమన్నా వాళ్లకి అర్థమయ్యేది కాదు.

దండాసి పుస్తకం, సుత్తి, చెయ్యి కింద పెట్టే ఇనప దాగలి పట్టుకుని వచ్చాడు. పైడితల్లి ఎడమచెయ్యి చాపి నిలబడింది.

"రాయి బావా," అన్నాడు. నేల చూస్తున్నాడు.

గీత: దక్షిణం, మంచుగని. ఎన్ని: రెండు వేలకి పైగా. కారణం: వినవలసినవాడు వినలేదు. చెయ్యి: బమ్మిడి లోకనాథం, కుడి.

దండాసి రెండుసార్లు చదివాడు. "ఒక గీతకి ఒక చెయ్యే," అన్నాడు పెద్దలతో, గట్టిగా. వాళ్లు గొణిగారు. పుస్తకంలో పడ్డాక కొట్టేసే ఆనవాయితీ లేదు.

దాగలి చల్లగా ఉంది. దండాసి పనిమంతుడు. నాలుగు వేళ్లకి నాలుగు దెబ్బలే. మూడోదానికి నేను అరిచాను, నాలుగోదానికి అతను అరిచాడు.

24వ షిఫ్టు

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, క్షమించాలి.

పైడితల్లి గడప దాటి వచ్చింది. పలకరించలేదు. గోడకున్న డబ్బా చూసింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఎప్పుడు కట్టినావు?"

"నువ్వెల్లిపోయినాక. కడగడానికి సేతులు నేక."

తన కుడిచెయ్యి చూసుకుంది. నా కట్టు చూసింది. డబ్బా పీకి, నేల మీద పెట్టి, మడమతో తొక్కింది. పగలడానికి చాలాసేపు పట్టింది. బాగా కట్టాను.

తర్వాత చెవి గొట్టం పెట్టుకుని కూర్చుంది, వీపు నా వైపు. "ఎవుల సెయ్యో పేరు రాయకుండా ఒక్క గీత తుడిసినావంటే ఈసారి సుత్తి నానే తెత్తాను."

పని మొదలుపెట్టాం. ఇద్దరికీ కలిపి పన్నెండు వేళ్లు. డబ్బా ఒక నిమిషంలో తుడిచేది మాకు సగం షిఫ్టు పట్టింది. తుడిచినవి: తొమ్మిదో వరస యాంటెన్నా కాలు, నీలవేణి. వంటశాల గొట్టం, బుడ్డయ్య, వాడికి ఆర్కు ఎప్పుడూ రెండోసారికే అంటుకుంటుంది. గని తలుపు, దండాసి, ఎవరూ అడక్కుండా వెళ్లి అతుకుతున్నాడు. సూట్ల మూల, గున్నయ్య, దవడకి కట్టుతోనే. ఆ పేరు ఆమే రాసింది.

లోకనాథం పుంత కొట్టేశాను. ఉత్తరం చించాను.

ఒక గీత మిగిలింది. ఉత్తరపు అంచు నుంచి, రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఎవరిదో ఇద్దరికీ తెలియలేదు. పనిలో ఉన్న మనిషిది కావచ్చు, పాడయిన మోటారుది కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. పటం భూమికి పంపడానికి రేపే గడువు.

పైడితల్లి లేచి, ఉత్తరపు అంచుకి వెళ్లి చూడ్డానికి సూటు తొడుక్కుంటోంది. నా కట్టు గ్లౌజులో పట్టడం లేదు. కట్టు విప్పుతున్నాను.